నెల మారితే హెడ్డింగూ మారాలి

నెలవారీ రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది అంకెలే. పెరిగిందా, తగ్గిందా, పోయినేడు ఇదే నెలలో ఎంత ఉంది అని చూస్తాం. ఆ అంకె ఏ నెలదో చెప్పేది పైనున్న చిన్న హెడ్డింగ్. అంకెను అనుమానించి మళ్లీ కూడినవాళ్లు ఉంటారు గానీ, హెడ్డింగ్‌ను అనుమానించేవాళ్లు అరుదు. అందుకే హెడ్డింగ్ ఒక్క నెల పక్కకు జరిగితే, కింద ప్రతి అంకె సరిగ్గా ఉన్నా రిపోర్టు మొత్తం తప్పుదారి పట్టిస్తుంది. సరుకు ఎప్పుడు తెప్పించాలో, అప్పు ఎప్పుడు తీర్చాలో ఆ కాగితం చూసే నిర్ణయించుకుంటారు కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. గుంటూరులో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణం ఒకటి ఉందనుకోండి. గత 12 నెలల్లో ఏ సరుకు ఏ నెలలో ఎంత పోయిందో యజమానికి కావాలి. ఎడమ పక్కన సరుకుల పేర్లు, పైన నెలలు. 2025 జూన్‌లో అడిగితే కాలమ్‌లు 2024 జులైతో మొదలై 2025 జూన్‌తో ముగియాలి. వచ్చే నెల అడిగితే 2024 ఆగస్టుతో మొదలవ్వాలి. ప్రతి నెలా వెనక ఒక నెల రాలిపోయి ముందు ఒక నెల చేరుతుంది.

చాలా ఆఫీసుల్లో దీన్ని చేత్తోనే చేస్తారు. పాత ఫైలును కాపీ చేసి, పన్నెండు హెడ్డింగులూ తిరిగి కొట్టి, కొత్త అంకెలు అతికిస్తారు. ఒక నెల పని ఎక్కువై హెడ్డింగులు మార్చడం మరిచిపోతే ఎవరికీ తెలియదు. షీట్‌లో ఎక్కడా ఎర్ర గుర్తు పడదు. అంకెలన్నీ నమ్మదగినట్టే కనిపిస్తాయి. ఈ మరుపు నెలనెలా పొంచి ఉంటుంది. దాన్ని జాగ్రత్తతో గెలవాలనుకోవడం కన్నా, మరిచిపోవడానికి వీల్లేకుండా షీట్‌ను కట్టుకోవడం మేలు.

హెడ్డింగ్‌లో తేదీ ఉండాలి

మొదటి సూత్రం: హెడ్డింగ్ సెల్‌లో 'జూన్ 2025' అని అక్షరాలు కొట్టకండి. అక్కడ 2025 జూన్ 1 అనే తేదీ పెట్టి, అది 'జూన్ 2025'గా కనిపించేలా ఫార్మాట్ ఇవ్వండి.

ఎక్సెల్‌కు తేదీ అంటే లోపల ఒక సంఖ్యే. 1900 జనవరి 1ని ఒకటిగా మొదలుపెట్టి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆ లెక్కలో 2025 ఏప్రిల్ 1 విలువ 45748. దాన్ని '01-04-2025' అని చూపించమన్నా, 'ఏప్రిల్ 25' అని చూపించమన్నా లోపలి విలువ మారదు. ఫార్మాట్‌లో లొకేల్ దగ్గర తెలుగు ఎంచుకుంటే నెల పేరు తెలుగులోనే వస్తుంది. విలువ సంఖ్య కాబట్టి కూడొచ్చు, పోల్చొచ్చు, వరుసలో పెట్టొచ్చు. అక్షరాలుగా కొట్టిన 'ఏప్రిల్ 25'తో ఇవేవీ కుదరవు.

పైగా నెల పేరు, రెండంకెల సంవత్సరం చేత్తో కొట్టడం వేరే ప్రమాదం. ఇంగ్లిషులో 'మార్-25' అని కొడితే ఎక్సెల్ దాన్ని 2025 మార్చిగా తీసుకోదు, ఈ సంవత్సరం మార్చి 25వ తేదీగా తీసుకుంటుంది. మన ఉద్దేశం ఒకటి, సెల్‌లోకి వెళ్లింది మరొకటి. ఎక్సెల్‌కున్న ఈ అలవాటు ఎంతవరకూ పోయిందంటే, 'మార్చ్1', 'సెప్ట్2' అని పిలిచే మానవ జన్యువుల పేర్లు శాస్త్రవేత్తల షీట్లలో తేదీలుగా మారిపోయేవి. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఆ పేర్లనే మార్చింది.

ఒక్క సెల్ మారిస్తే పన్నెండూ మారాలి

రెండో సూత్రం: పన్నెండు హెడ్డింగుల్లో చేత్తో ఇచ్చేది ఒక్కటే ఉండాలి. మిగతా పదకొండూ దాన్నుంచి పుట్టాలి.

మన దుకాణం షీట్‌లో బి1 సెల్‌లో 2024 జులై 1 ఉందనుకోండి. సి1లో ఈడేట్(బి1, 1) అని రాస్తే 2024 ఆగస్టు 1 వస్తుంది. ఆ ఫార్ములాను కుడివైపు లాగితే 2025 జూన్ దాకా నెలలు వాటంతట అవే పడతాయి. డిసెంబరు దాటగానే సంవత్సరమూ మారుతుంది. వచ్చే నెల బి1లో ఆగస్టు 1 పెడితే చాలు. గూగుల్ షీట్స్‌లోనూ ఇదే ఫార్ములా పనిచేస్తుంది.

ఈడేట్ తెలియక చాలామంది ముందు నెలకు 30 కలుపుతారు. ఏమవుతుందో చూడండి. 2025 జనవరి 1కి 30 కలిపితే జనవరి 31. దానికి 30 కలిపితే మార్చి 2. హెడ్డింగులు జనవరి, జనవరి, మార్చి అని వస్తాయి. ఫిబ్రవరి మాయమైంది, జనవరి రెండుసార్లు వచ్చింది. సంవత్సరం చూపించని ఫార్మాట్ అయితే రెండో జనవరి పోయినేటిదేమో అని చదివేవాళ్లు సరిపెట్టుకునే అవకాశమూ ఉంది.

ఈడేట్‌తో కూడా ఒక జాగ్రత్త కావాలి. మొదటి సెల్‌లో నెలాఖరు తేదీ పెట్టకూడదు. 2025 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 ఇస్తుంది. అది సబబే. ఆ ఫిబ్రవరి 28కి మళ్లీ ఒక నెల కలిపితే మార్చి 28 ఇస్తుంది, 31 కాదు. పైకి కనిపించేది నెల పేరే కాబట్టి తేడా తెలియదు. కింది లెక్క మాత్రం మార్చి చివరి మూడు రోజుల అమ్మకాలను వదిలేస్తుంది. ఎప్పుడూ ఒకటో తారీఖుతో మొదలుపెడితే ఈ బెడద ఉండదు. నెలాఖరే కావాలంటే ఈఓమంత్ అనే ఫార్ములా ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది, తెలియకపోతే గంటలు పోతాయి. ఎక్సెల్‌లో డేటాను టేబుల్‌గా మార్చితే దాని హెడ్డింగ్ వరుసలో ఫార్ములాలు నిలవవు. టేబుల్ చేసిన క్షణంలో అవి మామూలు అక్షరాలుగా గడ్డకట్టిపోతాయి. బి1 మార్చినా కదలవు. కాబట్టి బిల్లుల వివరాలను ఒక షీట్‌లో టేబుల్‌గా ఉంచి, రిపోర్టును వేరే షీట్‌లో మామూలు సెల్స్‌తో కట్టుకోవాలి.

అంకె హెడ్డింగ్‌నే చూసి రావాలి

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. హెడ్డింగ్ తానే మారుతూ, కింది అంకెలను మాత్రం ఎవరో తెచ్చి అతికిస్తుంటే మొదటికన్నా పెద్ద ప్రమాదం. అప్పుడు హెడ్డింగ్ తప్పకుండా ముందుకు జరుగుతుంది, అంకెలు జరగవు. హెడ్డింగ్‌లో ఉన్న తేదీనే కింది ఫార్ములా చూడాలి. రెండింటికీ మూలం ఒక్కటే అయితే అవి విడిపోలేవు.

దీనికి సమ్ఇఫ్స్ అనే ఫార్ములా చాలు. సరుకు పేరు ఈ వరుస మొదట్లో ఉన్నదే అయ్యుండాలి, బిల్లు తేదీ పైన బి1లో ఉన్న తేదీకి సమానం లేదా దాని తర్వాతిది అయ్యుండాలి, బి1కి ఒక నెల కలిపితే వచ్చే తేదీకన్నా ముందుదై ఉండాలి అనే మూడు షరతులు ఇచ్చి, ఆ బిల్లుల మొత్తం కూడమంటాం. ఆ ఒక్క ఫార్ములాను కుడికీ కిందికీ లాగితే రిపోర్టు నిండుతుంది.

పై హద్దును 'నెలాఖరు వరకు' అని ఇవ్వకుండా 'వచ్చే నెల ఒకటికి ముందు' అని ఇవ్వడానికి కారణం ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తేదీతో పాటు సమయాన్నీ రాస్తుంది. 2025 జూన్ 30 విలువ 45838. ఆ సాయంత్రం 6:40కి వేసిన బిల్లు విలువ దాదాపు 45838.78. 'జూన్ 30కి సమానం లేదా తక్కువ' అని అడిగితే ఆ బిల్లు దాటిపోతుంది. జూన్‌లోకి రాదు, జులైలోకీ వెళ్లదు. ఆ రోజు అర్ధరాత్రి దాటాక జరిగిన ప్రతి అమ్మకమూ ఇలాగే జారిపోతుంది. నెలకు ఒక రోజు వ్యాపారం రిపోర్టులో ఉండదు. 'జులై 1కి ముందు' అంటే ఆ జారుడు ఉండదు.

డేటా విదేశీ సర్వర్‌లో ఉంటే ఇంకో హద్దు చూసుకోవాలి. చాలా సర్వర్లు సమయాన్ని యూటీసీలో దాస్తాయి. మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు ఆన్‌లైన్‌లో వచ్చిన ఆర్డరు అక్కడ మార్చి 31 రాత్రి 8:30గా నమోదవుతుంది. దాన్ని మన సమయంలోకి మార్చకుండా నెలలుగా విడదీస్తే ఆ ఆర్డరు నెలే కాదు, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది.

వరుస తప్పే నెలలు

నెల పేర్లను అక్షరాలుగా ఉంచితే కంప్యూటర్ వాటిని అక్షరక్రమంలోనే పేరుస్తుంది. ఇంగ్లిషులో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు, ఫిబ్రవరి అని మొదలవుతుంది. తెలుగులో పేరిస్తే అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్, జనవరి, జులై, జూన్, డిసెంబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి, మే, సెప్టెంబరు. పెరుగుదల, తరుగుదల చూడాల్సిన రిపోర్టు ఇలా ఉంటే ఏ ధోరణీ కనిపించదు. తేదీగా ఉంచినప్పుడు ఈ సమస్యే పుట్టదు. పవర్ బీఐ లాంటి చోట్ల నెల పేరు కాలమ్‌ను వేరే సంఖ్య కాలమ్ ప్రకారం పేర్చమని చెప్పే ఏర్పాటు ఉంది. ఆ సంఖ్యలో సంవత్సరం కూడా ఉండాలి, హెడ్డింగ్ పేరులోనూ ఉండాలి. లేకపోతే 2024 జూన్, 2025 జూన్ అమ్మకాలు ఒకే కాలమ్‌లో కలిసిపోతాయి.

మన లెక్కలు ఏప్రిల్‌తో మొదలవుతాయి కాబట్టి నెల సంఖ్యను కూడా అలాగే సర్దుకోవాలి. క్యాలెండర్ నెల సంఖ్యలోంచి 3 తీసేయండి. సున్నా గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే 12 కలపండి. ఏప్రిల్ 1 అవుతుంది, జనవరి 10 అవుతుంది, మార్చి 12 అవుతుంది. నెల ఏప్రిల్‌కు ముందుదైతే ఆర్థిక సంవత్సరం అంతకుముందు ఏడాదితో మొదలైందన్నమాట. అలా 2025 ఫిబ్రవరి '2024-25' కింద పడుతుంది.

హైదరాబాద్‌లో విదేశీ కంపెనీలకు పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ తలనొప్పి. మైక్రోసాఫ్ట్ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. అమెరికా ప్రభుత్వానిది అక్టోబరు 1న. 'ఎఫ్‌వై26' అన్న హెడ్డింగ్ మన ఆడిటర్‌కు 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా. మైక్రోసాఫ్ట్ ఉద్యోగికి 2025 జులై నుంచి 2026 జూన్ దాకా. అందుకే రెండు చోట్లకు వెళ్లే రిపోర్టులో సంవత్సరం పేరుతో పాటు మొదటి నెల, చివరి నెల కూడా హెడ్డింగ్‌లో రాయడం మర్యాద.

అమ్మకం లేని నెలకూ కాలమ్ ఉండాలి

పివట్ టేబుల్ వాడేవాళ్లు ఇక్కడ మోసపోతుంటారు. పివట్ తనకు దొరికిన డేటాలో ఉన్న నెలలకే కాలమ్‌లు ఇస్తుంది. మన దుకాణంలో పత్తి విత్తనాలు ఖరీఫ్ ముందు, మే నెలాఖరు నుంచి జులై దాకానే పోతాయి. పత్తి ఒక్కటే ఎంచుకుంటే రిపోర్టులో 2024 జులై, 2025 మే, 2025 జూన్ పక్కపక్కనే నిలబడతాయి. మధ్యలో తొమ్మిది నెలలు ఉన్నాయన్న సంగతి కాగితం చెప్పదు. జులై తర్వాత వచ్చేది మే అన్నట్టు గ్రాఫ్ గీత ఏకధాటిగా సాగిపోతుంది.

పరిష్కారం క్యాలెండర్ టేబుల్. కావలసిన నెలలన్నిటినీ ముందే ఒక జాబితాగా రాసి ఉంచి, డేటాను దానికి జోడించాలి. కాలమ్‌లు క్యాలెండర్‌లోంచి రావాలి, అంకెలు డేటాలోంచి రావాలి. అమ్మకం లేని నెలలో సున్నా పడుతుంది. ఎక్సెల్ పివట్‌లోనూ పవర్ బీఐలోనూ డేటా లేని అంశాలను కూడా చూపించమనే ఆప్షన్ ఉంది. ఒక్కోసారి సున్నాయే అసలు సమాచారం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఏప్రిల్ నెలంతా తలుపు తెరవని బట్టల దుకాణాలున్నాయి. వాటి రిపోర్టులో మార్చి పక్కన మే వస్తే, ఆ ఏడాది జరిగిన అతిపెద్ద సంగతే కాగితం మీద లేనట్టు.

అయితే సున్నాకూ, ఖాళీకీ తేడా పాటించాలి. జీఎస్టీ 2017 జులై 1న అమల్లోకి వచ్చింది. 2017-18 జీఎస్టీ రిపోర్టులో ఏప్రిల్, మే, జూన్ కింద సున్నా రాస్తే పన్ను కట్టలేదని అర్థం వస్తుంది. అప్పటికి ఆ పన్నే లేదు కాబట్టి అక్కడ ఖాళీ ఉండాలి, సగటు తీసేటప్పుడు తొమ్మిదితో భాగించాలి. ఇంకా రాని నెలలకూ అంతే. నడుస్తున్న నెలకైతే హెడ్డింగ్‌లోనే 'జూన్ 2025, 14 వరకు' అని రాయండి. అది లేకపోతే చివరి కాలమ్ ఎప్పుడూ పడిపోయినట్టే కనిపిస్తుంది.

పన్నెండు అనే సంఖ్యను ఫార్ములాలో పాతిపెట్టకుండా క్యాలెండర్‌లోంచి తీసుకోవడం వల్ల ఇంకో లాభం ఉంది. చాంద్రమానం ప్రకారం నెలవారీ లెక్క రాసే చోట సంవత్సరానికి 12 నెలలే ఉంటాయన్న హామీ లేదు. శోభకృత్ నామ సంవత్సరంలో, 2023 జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం వచ్చింది. ఆ ఏడాది తెలుగు నెలల రిపోర్టుకు 13 కాలమ్‌లు కావాలి. నెల పేరు ఒక్కటే పెడితే అధిక శ్రావణం, నిజ శ్రావణం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

డేటాబేస్‌లో అయితే

బిల్లులు లక్షల్లో ఉంటే పని ఎస్‌క్యూఎల్‌లోకి వెళుతుంది. అక్కడ వరుసల్లో ఉన్న నెలలను కాలమ్‌లుగా తిప్పడానికి పివట్ అనే ఆదేశం ఉంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది 2005 వెర్షన్‌తో వచ్చింది. దాంతో పనిచేసినవాళ్లందరికీ ఒకే చోట ఆగిపోయిన అనుభవం ఉంటుంది. నెలల పేర్లన్నీ ముందే మనమే రాసివ్వాలి, 'ఎన్ని ఉంటే అన్ని తీసుకో' అంటే వినదు. కారణమేమిటంటే, క్వెరీ నడవకముందే దాని ఫలితానికి ఎన్ని కాలమ్‌లు, ఏ పేర్లతో ఉంటాయో డేటాబేస్‌కు తెలియాలి. నెలల జాబితా డేటా చదివితే గానీ తెలియదు.

దీనికి ఎక్కువమంది ఎంచుకునే దారి డైనమిక్ ఎస్‌క్యూఎల్. ముందు నెలల జాబితా తెచ్చి, దాంతో క్వెరీ వాక్యాన్నే తయారుచేసి, అప్పుడు నడుపుతారు. పని జరుగుతుంది గానీ చదవడం కష్టం. బయటివాళ్లు ఇచ్చిన అక్షరాలు ఆ వాక్యంలో కలిస్తే భద్రతకే ముప్పు. పైగా కాలమ్‌ల పేర్లు నెలనెలా మారుతుంటే, వాటి మీద కట్టిన రిపోర్టు డిజైన్ నెలనెలా విరుగుతుంది.

నేను గట్టిగా సిఫారసు చేసేది మరో దారి. కాలమ్‌లకు 'నెల 0', 'నెల 1' అంటూ 'నెల 11' దాకా ఎప్పుడూ మారని పేర్లు పెట్టండి. రిపోర్టు నెల 0, అంతకుముందు నెల 1. ప్రతి బిల్లు ఏ కాలమ్‌కు వెళ్లాలో చిన్న లెక్కతోనే తెలుస్తుంది. సంవత్సరాన్ని 12తో గుణించి నెల సంఖ్య కలపాలి. 2025 జూన్‌కు 24306 వస్తుంది, 2024 నవంబరుకు 24299 వస్తుంది. తేడా 7, కాబట్టి ఆ బిల్లు 'నెల 7'లోకి వెళుతుంది. చదివేవాళ్లకు కనిపించే 'నవంబరు 2024' అన్న హెడ్డింగ్‌ను రిపోర్టు పొరలో, అదే రిపోర్టు తేదీలోంచి ఏడు నెలలు వెనక్కి వెళ్లి పుట్టించాలి. డిజైన్ కదలదు, హెడ్డింగ్ మారుతుంది, రెండింటికీ మూలం ఒకే తేదీ. రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో మ్యాట్రిక్స్ గానీ క్రాస్‌ట్యాబ్ గానీ ఉంటే ఈ తిప్పే పని దానికే వదిలేయవచ్చు. క్యాలెండర్ టేబుల్ అవసరం మాత్రం అక్కడా పోదు.

ఎక్కడ మారకూడదో కూడా తెలియాలి

మొదటి సెల్‌లోని తేదీని టుడే ఫార్ములాలోంచి పుట్టిస్తే ఏమీ ముట్టుకోకుండానే రిపోర్టు ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది. రోజూ చూసే తెరకు అది బాగుంటుంది. బ్యాంకుకో ఆడిటర్‌కో ఇచ్చే రిపోర్టుకు పనికిరాదు. మార్చి లెక్క అని దాచిన ఫైలును జులైలో తెరిస్తే అది జులై రిపోర్టు అయిపోతుంది, సంతకం పెట్టిన కాగితంతో సరిపోదు. కాబట్టి రిపోర్టు తేదీ ఒకరు కొట్టి ఇచ్చేదిగా ఉండాలి, కాగితం మీద కనిపించాలి.

హెడ్డింగ్ సరిగ్గా ఉన్నా పోలిక సరిగ్గా ఉండని సందర్భాలూ ఉన్నాయి. దీపావళి 2023లో నవంబరు 12న వచ్చింది, 2024లో అక్టోబరు 31న వచ్చింది. బట్టల దుకాణం అక్టోబరును పోయినేటి అక్టోబరుతో పోలిస్తే వ్యాపారం ఒక్కసారిగా ఎగసినట్టుంటుంది, నవంబరును నవంబరుతో పోలిస్తే కూలినట్టుంటుంది. రెండు నెలలనూ కలిపి చూడాలి. అలాగే 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2014 ఏప్రిల్, మే కాలమ్‌లలోని 'ఆంధ్రప్రదేశ్', ఆ తర్వాతి 'ఆంధ్రప్రదేశ్' ఒకటి కావు. జూన్ కాలమ్‌లో ఒకటో తారీఖు ఒక్కటీ ఉమ్మడి రాష్ట్రానిది. ఇలాంటి చోట హెడ్డింగ్ కింద ఒక గమనిక రాయడం తయారుచేసినవాళ్ల బాధ్యత.

రిపోర్టు కట్టడం పూర్తయ్యాక ఎవరికీ ఇవ్వకముందే ఈ నాలుగూ పరీక్షించండి. రిపోర్టు నెలను జనవరికి మార్చి, వెనకటి సంవత్సరం సరిగ్గా పడిందో చూడండి. ఏప్రిల్‌కు మార్చి, ఆర్థిక సంవత్సరం పేరు మారిందో చూడండి. 2024 ఫిబ్రవరికి మార్చి, 29వ తేదీ బిల్లులు వచ్చాయో చూడండి. చివరిగా పన్నెండు కాలమ్‌ల మొత్తాన్ని కూడి, అదే కాలానికి బిల్లుల రిజిస్టర్ మొత్తంతో సరిపోల్చండి. ఒక్క రూపాయి తేడా ఉన్నా ఏదో ఒక బిల్లు రెండు నెలల మధ్య జారిపోయిందనే అర్థం. దాన్ని వెతికి పట్టుకున్నాకే రిపోర్టును యజమానికి ఇవ్వాలి. వచ్చే ఖరీఫ్‌కు ఎన్ని ప్యాకెట్ల పత్తి విత్తనాలు తెప్పించాలో ఆయన ఆ కాలమ్‌లు చూసే నిర్ణయిస్తాడు.